సంచి నోరు పట్టుకునే మనిషి

నార్వేలోని బెర్గెన్‌లో ఆ శనివారం పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. సునివా వాఫుల్స్ పిండి కలుపుతూనే, అక్కడి అలవాటు ప్రకారం పెరట్లో చల్లగాలికి చంటివాడు నిద్రపోతున్న పిల్లల బండిని కిటికీలోంచి మాటిమాటికీ చూసుకుంటోంది. ఇవాళ దుగ్నాద్. అపార్ట్‌మెంట్ వాళ్లంతా దిగి పెరడు ఊడ్చి, కంచెకు రంగు వేసి, చివర్న కలిసి తినే రోజు. ఆ తర్వాత అక్కడే సమావేశం. సునివా భయమంతా దాని గురించే.

అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు ఆమె భర్త ఐవిండ్. ఈ పనికి రాలేనివాళ్లు డబ్బు కడితే చాలన్నది అతని ప్రతిపాదన. అందరి ముందూ దాన్ని కాదంటానని అతని తల్లి బోర్గిల్డ్ నిన్ననే చెప్పేసింది. కింది వాటాలో ఉంటుందావిడ. విశ్వవిద్యాలయంలో జీవితమంతా నీతిశాస్త్రం బోధించిన మనిషి. తల్లీకొడుకులు పదిమందిలో మాటలు విసురుకుంటే, రేపటినుంచి ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారా?

"అత్తయ్యా, ఇవాళ్టికి ఊరుకోకూడదూ?"

"వేరేవాళ్ల కొడుకైతే లేచి నిలబడేదాన్ని. నా కొడుకని కూర్చుంటే ఎలాగమ్మా?"

సునివా చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఈవిడేమో ఎంత పెద్ద సంగతినైనా కాఫీలో చక్కెర కలిపినంత తేలిగ్గా చెప్పేస్తుంది.

బల్ల మీద కూతురు యిల్వా బొమ్మల్ని వరసగా నిలబెట్టి, టీవీ పోటీలో యాంకర్‌లా గొంతు పెంచింది. "ఎలుగూ, నువ్వు ఔట్! సామాన్లు సర్దుకో!"

"దాన్నెందుకే పంపేస్తున్నావ్?" అంది బోర్గిల్డ్.

"కుంటిది నానమ్మా. జట్టుకి పనికిరాదు."

"సరే, కళ్లు మూసుకో. తెరిచేసరికి నువ్వు ఏ బొమ్మవైపోతావో తెలీదు. కుంటి ఎలుగువే కావచ్చు. ఇప్పుడు చెప్పు, రూలేం పెడతావ్?"

యిల్వా గట్టిగా కళ్లు మూసుకుంది. "ఎవర్నీ పంపకూడదు."

"మొదలైందా పాఠం!" ఐవిండ్ బూట్లు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. "అమ్మా, నీ పుస్తకాలొచ్చి ఆకులు ఊడవ్వు. కట్టగలిగినవాళ్లు కడతారు, పనివాళ్లొస్తారు, ఎవరికీ నష్టం లేదు. అర్థశాస్త్రంలో మొదటి పాఠం ఇది."

"ఆ శాస్త్రం మా నీతిశాస్త్రం కడుపున పుట్టిందేరా. పుట్టిల్లు మర్చిపోయిందంతే."

"ఓట్లు నావైపున్నాయి."

"ఓట్లు ఎటున్నాయో చూసేది రాజకీయం. అవి పడ్డాక ఎవరు కిటికీ తెర వెనక మిగిలిపోతారని అడగడం నా పని."

"పై అంతస్తు పెద్దాయన హౌగ్లాండ్ గారే సంతోషంగా ఒప్పుకున్నారు! ఊడ్చే ఓపిక లేదు, డబ్బు కట్టి పైనే ఉంటారట."

"సంతోషం కాదురా, సిగ్గు." బోర్గిల్డ్ గొంతు తగ్గింది. "మీ నాన్న చనిపోయిన ఏడు నువ్వు చంటివాడిగా ఆ బండిలో ఉన్నావు. నాకు చీపురు పట్టే ఓపిక లేదు. డబ్బు కట్టేస్తానని తలుపు సందులోంచి చెప్పాను. అప్పుడు అధ్యక్షుడు హౌగ్లాండే. 'బండి తీసుకుని కిందికి రామ్మా. పిల్లాడు లేవకుండా ఊపు. ఇవాళ నీ వంతు పని అదే' అన్నాడు. ఆయన డబ్బు తీసుకునుంటే, నేను మళ్లీ ఆ తలుపు తీసేదాన్ని కాదేమో."

ఎప్పుడూ మధ్యలో మాట్లాడని సునివా గరిటె కింద పెట్టింది.

"ఈ ఏడు నాకూ చేతనయ్యేది బండి ఊపడమే ఐవిండ్. నేనూ కట్టేసి పైనే ఉండిపోనా?"

అతను భార్యను చూశాడు. బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. తలుపు దడాలున మూసుకుంది. అనకూడని మాట అన్నానేమో అనుకుంటూ సునివా మళ్లీ గరిటె అందుకుంది.

వాళ్లు పెరట్లోకి దిగేసరికి, ఐవిండ్ చెయ్యి పట్టుకుని ముసలి హౌగ్లాండ్ మెట్లు దిగుతున్నాడు, గొణుక్కుంటూ.

"చూడు బోర్గిల్డ్! సంచి నోరు పట్టుకునేవాళ్లు లేక ఆకులన్నీ గాలికి ఎగిరిపోతున్నాయని లాక్కొచ్చాడు మీవాడు. తడిసి నేలకంటుకున్న ఆకులు ఎక్కడైనా ఎగురుతాయా?"

సంచి ఆయన చేతిలో పెట్టి, ఐవిండ్ తల్లి పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఆ ప్రతిపాదన ఇవాళ చదవనమ్మా" అన్నాడు, నేలచూపులు చూస్తూ. ఆవిడ అతని కోటు మెడపట్టీ సరిచేసింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు ఎలా సరిచేసేదో, అలాగే.

సునివా బండి ఊపుతూ మెల్లగా అంది. "అత్తయ్యా, అబద్ధమాడాడుగా. మీ శాస్త్రం ప్రకారం తప్పే కదా?"

"తప్పే." బోర్గిల్డ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "రేపు కూర్చుని తేల్చుకుందాం, నువ్వూ నేనూ. ముందు వాఫుల్స్ పట్రా, ఆయనకి మొదటిది."