నోరున్న ఇంజిన్

నారాయణగూడ ఫ్లైఓవర్ దిగగానే వాన అందుకుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంద్రసేన కారు అద్దం దించాడు. వానలో అద్దం దించేవాడు కవైనా అయ్యుండాలి, కార్లు అమ్మేవాడైనా అయ్యుండాలి. ఇతను రెండో రకం. హిమాయత్‌నగర్‌లో ఒక షోరూంలో సేల్స్‌మాన్. పక్కనే ఆగిన నీలం రంగు పాత బీటిల్ కారు టకటకా టకటకా మోగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"మేడమ్, జర మీ ఇంజిన్ చూపించుకోండి. ట్యాపెట్లు మస్తు సౌండ్ చేస్తున్నయ్. ఒక్కసారి బానెట్ ఎత్తితే తెలిసిపోతది."

స్టీరింగ్ దగ్గరున్న అమ్మాయి ముందు అతన్ని చూసింది, తర్వాత చప్పుడే లేని అతని తెల్ల కారుని చూసింది.

"బానెట్ ఎత్తితే స్టెప్నీ కనిపిస్తుందండీ. ఇంజిన్ వెనకుంది."

గ్రీన్ సిగ్నల్ పడింది. బీటిల్ టకటకలాడుకుంటూ వెళ్లిపోయింది. కార్లు అమ్ముకు బతికేవాడికి ఇంతకన్నా తలవంపు ఇంకోటి లేదు. వెనక బైకులవాళ్లు హారన్లు కొట్టి, అన్నా అన్నా అని పిలిచి, చివరికి అన్న అనడం మానేసినా ఇంద్రసేన కదల్లేదు. వానకి కుడి చెయ్యి పూర్తిగా తడిసిపోయిందిగానీ తడిసిందని అతనికి తెలిస్తే కదా.

ఆ అమ్మాయి పేరు నిహారిక. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ రాసేవాళ్లకి లెక్కలు చెబుతుంది. ఈ సంగతులన్నీ అతనికి పది రోజులు తిరక్కుండానే తెలిశాయి, ఎందుకంటే కోచింగ్ సెంటర్‌లో తనతో పనిచేసే కుసుమ కారు కొనాలంటే ఆమే వెంటబెట్టుకుని అదే షోరూంకి వచ్చింది. ఇంద్రసేన బండి గురించి అంతా వర్ణించి చెప్పాక, "ఇంజిన్ ముందే ఉంది కదండీ?" అని మాత్రం అడిగింది. కుసుమ కారు కొనలేదు. ఇంద్రసేన ఆ నెల టార్గెట్ అందుకోలేదు. కానీ నిహారిక నంబర్ సంపాదించాడు కాబట్టి లాభంలోనే ఉన్నాననుకున్నాడు.

ఆ తర్వాత చిక్కడపల్లి మెట్రో దగ్గర టీ తాగడానికని కలిసేవాళ్లు. తాగేది టీ, చేసేది కొట్లాట. తమ కారు స్టార్ట్ అయిందో లేదో లోపల కూర్చున్నవాడికే తెలియదని అతను గొప్పగా చెప్పేవాడు. బతికుందో లేదో తెలియనిదాన్ని నమ్ముకుని రోడ్డెక్కడం ఏం తెలివని ఆమె అనేది. ఇలా మాటలతో తేలేది కాదని ఒక సాయంత్రం అతన్ని బీటిల్ ఎక్కించి విద్యానగర్ దాకా తిప్పింది.

"నీ కారుది ఇన్‌లైన్. నాలుగు పిస్టన్లూ వరసగా నిలబడి గుంజీలు తీస్తుంటాయి. ఇద్దరు లేస్తే ఇద్దరు కూర్చుంటారు," అంది గేరు మారుస్తూ. "మాది బాక్సర్. పిస్టన్లు పడుకుని ఎదురెదురుగా చప్పట్లు కొడతాయి. ఇటువైపు ఊపుని అటువైపుది మింగేస్తుంది. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెట్టాడు. పెట్టింది స్టీరింగ్ మీదా, ఆమె చేతి మీదా అన్న విషయం ఇద్దరూ గమనించనట్టే ఉండిపోయారు. తన కారు స్పీడందుకున్నప్పుడు స్టీరింగ్‌లో సన్నగా చీమలు పాకుతున్నట్టుండే జలదరింపు ఇందులో లేదు. బండి ఆగి ఉన్నప్పుడు మాత్రం మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది. బరువంతా నేలకి దగ్గరగా ఉంది. తన కారుది ముక్కుతో తీసే ఒకే సన్నటి రాగం. దీనిదేమో వెనక సీటు వెనక కూర్చుని ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు, మధ్య మధ్య తోచిన మాటేదో అంటున్నట్టు. బాగుంది. చాలా బాగుంది. కానీ మగాడన్నాక అంత తొందరగా ఒప్పుకుంటాడా? "సౌండ్ మాత్రం జర ఎక్కువనే," అన్నాడు.

అప్పటికే పీకల్లోతు మునిగిపోయాడు పాపం. పెళ్లంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే. అది కుదరకపోతే ఏం చేయాలో అతని దగ్గర ఆలోచనే లేదు.

కుదరకపోవడానికి దారులు కూడా కనిపిస్తున్నాయి. ఇంద్రసేన పుట్టి పెరిగింది నారాయణగూడలో, చప్పుడు లేని ఇంట్లో. తండ్రి రాఘవేందర్ వంకాయ అంటే తల్లి మనోరమ వంకాయనే అంటుంది. సినిమా వద్దంటే వద్దనే అంటుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఎవరూ గొంతు పెంచిన పాపాన పోలేదు. కొట్లాట అంటే తెగదెంపులని అతను చిన్నప్పట్నుంచీ నమ్మాడు.

నిహారిక ఇంట్లో కొట్లాట పొద్దున్నే పాలు పొంగేలోపే మొదలవుతుంది. ఆమె తాతగారి హయాంలో గుడివాడ నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. తండ్రి వీరరాఘవరావు కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. తల్లి అన్నపూర్ణ ఏ ఆఫీసులోనూ చేయలేదు కాబట్టి రిటైరవలేదు. ఇంద్రసేన మొదటిసారి వెళ్లినప్పుడు కాఫీ ఇవ్వాలా, టీ ఇవ్వాలా అని ఇద్దరూ వాదించుకుంటే అతను రెండూ తాగాడు. తర్వాత అతని ఎదురుగానే అతని గురించి వాదించుకున్నారు. షోరూం ఉద్యోగానికి భరోసా ఏముందని ఆవిడ. గవర్నమెంటు ఉద్యోగం చేసి తనేం బావుకున్నాడని ఆయన. కాసేపటికి ఆయన భరోసా గురించి బెంగపడ్డాడు, ఆవిడ కుర్రాడు బంగారమంది. ఇంద్రసేన చెప్పులు వెతుక్కున్నాడు.

"మనకు కుదరదు నిహారికా," అన్నాడు మెట్లు దిగుతూ.

"నువ్వు వాళ్లకి నచ్చావు," అంది ఆమె. "నచ్చకపోతే మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మొన్నొచ్చిన సంబంధం వాళ్లకి పూతరేకులు పెట్టి, ఒక్క మాట లేకుండా గేటుదాకా వెళ్లి సాగనంపారు."

అతను నమ్మలేదు. నమ్మి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది, కారు కూడా బాగుండేది.

బీటిల్ అసలు వీరరాఘవరావుది. అన్నపూర్ణకి దాని చప్పుడంటే గిట్టదు. ఆయన బండి తీస్తే వీధంతా లేస్తుందని రోజూ మొత్తుకుంటుంది. కాబోయే అత్తగారి మనసు గెలవడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనుకుని, కారు కొంచెం ట్యూన్ చేస్తానన్నాడు ఇంద్రసేన. వీరరాఘవరావు ఆ ఇంజిన్ మీద ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఒక నిమిషం ఆలోచించి తాళాలు అతని చేతిలో పెట్టాడు. నిహారిక క్లాసులో ఉంది. ఇంట్లో ఉండి ఉంటే ఏం చేయబోతున్నావని అడిగేది, అడిగితే వాదన అయ్యేది. అది తప్పించుకోవడానికే ఆమె లేని రోజు చూసుకున్నాడు.

అతనెరిగిన కొత్త కార్లలో ట్యాపెట్లకి, అవి తట్టి తెరిచే కవాటాలకి మధ్య ఖాళీ ఉండదు. ఆయిలే దాన్ని నింపేస్తుంది. అదే మర్యాద అనుకుని బీటిల్‌లో ఉన్న ఖాళీలన్నీ బిగించేశాడు. టకటక ఆగిపోయింది. ఇప్పుడు వీధిలో మనుషుల మాటలు కూడా వినపడుతున్నాయని అన్నపూర్ణ మురిసిపోయింది. వీరరాఘవరావు తల వంచి విన్నాడు. ఏమీ అనలేదు. అది మెచ్చుకోలనుకున్నాడు ఇంద్రసేన, వెర్రినాగన్న.

రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున సంబంధం ఖాయం చేసుకోవడానికి నిహారికా, అమ్మానాన్నలూ బీటిల్‌లో నారాయణగూడ, ఇంద్రసేన ఇంటికి బయల్దేరారు. చిక్కడపల్లి మెట్రో కింద బండి ఊపు తగ్గి, వెనక నుంచి ఢాం ఢాం మని పేలి, ఆగిపోయింది. దాన్ని పక్కకి తోసి ఆటోలో వచ్చారు. వీరరాఘవరావు పట్టుపంచె కట్టుకున్నాడు. దాని మీద గ్రీసు మరక.

వచ్చి కూర్చున్నారు. మనోరమ సకినాలు పెట్టింది. తిన్నారు. బాగున్నాయన్నారు. అంతే. అన్నపూర్ణ గోడ మీద క్యాలెండర్ చూస్తోంది, వీరరాఘవరావు నేల చూస్తున్నాడు. నిహారిక ఇంద్రసేన వైపు కన్నెత్తి చూడలేదు.

రాఘవేందర్ పొంగిపోయాడు. "ఎంత శాంతం మనుషులు మీరు. ఇట్లాంటోళ్లు దొరకాలె కదా," అన్నాడు. దొరకాలె, అంది మనోరమ.

ఇంద్రసేనకి పూతరేకుల సంబంధం గుర్తొచ్చింది. ఇంకో పది నిమిషాలు ఇలాగే గడిస్తే వీళ్లు మర్యాదగా లేచి, మర్యాదగా నమస్కారం పెట్టి, ఈ జన్మకి మళ్లీ కనపడరు. అతను ఎప్పుడూ చేయని పని చేశాడు. అందరి మధ్యలో లేచి నిలబడ్డాడు.

"అంకుల్, తప్పు నాది. సౌండ్ పోవాలని ట్యాపెట్ల గ్యాప్ మొత్తం మూసేసిన. నాకు తెల్వదు, తెలిసినోళ్లను అడగలే. మీరు నన్ను తిట్టుర్రి. ఇట్ల ఊకుంటే నాకు భయమైతుంది."

వీరరాఘవరావు ప్లేటు కింద పెట్టాడు.

"ఖాళీ ఉండాలయ్యా దానికి. వెంట్రుకంత ఖాళీ. అది ఉంటేనే కవాటం పూర్తిగా మూసుకుని కాస్త చల్లబడుతుంది. టకటకమన్నంతకాలం దానికేం ఢోకా లేదు. నోరు మూయించావో, లోపల్లోపలే కాలిపోతుంది. ఏం చదువుకున్నావయ్యా నువ్వు?"

"అతన్నంటారేం?" అని అందుకుంది అన్నపూర్ణ. "చప్పుడు చప్పుడని మొత్తుకున్నది నేను. నా కోసం చేశాడు."

"పెళ్లైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నావు. ఏ నోరైనా నేను మూయించానా?"

అన్నపూర్ణ ఏదో అనబోయి, ఆ మాటలో ఉన్నది అర్థమై, ముఖం పక్కకి తిప్పుకుంది. తర్వాత పంచె మీద మరక గురించి మొదలుపెట్టింది. ఇద్దరూ సర్దుకుని కూర్చుని సుబ్బరంగా వాదించుకున్నారు. అప్పుడు తలెత్తింది నిహారిక.

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే కొట్లాడుతవని."

"కొట్లాడకూడదనుకుంటే నన్ను చేసుకోవడం దేనికి?"

"నువ్వంటే ప్రాణం కాబట్టి," అన్నాడు ఇంద్రసేన. తల్లిదండ్రులు నలుగురూ ఉన్నారని అన్నాక గుర్తొచ్చింది. "ఇందాక నువ్వట్ల మాట్లాడకుండ కూసుంటే నాకు ఊపిరాడలే. కొట్లాడు. రోజూ కొట్లాడు. కానీ ఊకోకు."

నిహారిక నవ్వలేదుగానీ నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

ఈ గందరగోళమంతా చూసి రాఘవేందర్ బిత్తరపోయాడు. లేచి నిలబడి, బాధగానే అన్నాడు. "రావుగారూ, మాది లొల్లి తెల్వని ఇల్లు. ఈ సంబంధం మనకు పడదనిపిస్తుంది. ఏమంటవ్ మనోరమా?"

చివరి ప్రశ్న ఆయనకి అలవాటు. దానికి జవాబు ఎప్పుడూ ఒకటే.

"పడ్తది," అంది మనోరమ.

ఆయన సరిగ్గా విననట్టు చూశాడు.

"నాకు ఈ పిల్ల నచ్చింది. ఈ లొల్లి కూడా నచ్చింది. మీకు నచ్చకుంటే చెప్పుర్రి, కూసుని కొట్లాడుదాం. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న."

ఆమె చూపు దించలేదు. రాఘవేందర్ కూర్చున్నాడు. భార్యని పెళ్లిపీటల మీద కూడా అంతసేపు చూసి ఉండడు. తర్వాత వీరరాఘవరావు వైపు ఒరిగి, ఇప్పుడేం చెయ్యాలె అని మెల్లగా అడిగాడు.

"ఒక మాటకి మాట అనండి," అన్నాడు ఆయన అనుభవం మీద. "తర్వాత ఓడిపోండి."

రాఘవేందర్ భార్య వైపు తిరిగాడు. "మరి పెండ్లి మాత్రం నారాయణగూడలనే," అన్నాడు.

"అమ్మాయి పెళ్లి అశోక్‌నగర్ దాటదు," అంది అన్నపూర్ణ.

"రెండూ వద్దు, చిక్కడపల్లిల చేద్దాం," అంది మనోరమ. ఆమెకి రుచి తెలిసింది.

పెద్దవాళ్లు ఇప్పట్లో తేలరని పిల్లలిద్దరూ బీటిల్ సంగతి చూడటానికి వెళ్లారు. చినుకులు పడుతున్నాయి. నిహారిక డోర్ తీసి స్టీరింగ్ దగ్గర కూర్చుంది, వెనక నుంచి తొయ్యమంది.

"ఎప్పటికీ నువ్వు స్టీరింగ్ దగ్గర, నేను వెనకనా?"

"నచ్చలేదా?"

"నచ్చలే," అన్నాడు ఇంద్రసేన ప్రేమగా, ఆమె దిగొచ్చి గొడవ పెట్టుకుంటుందన్న ఆశతో.

దిగింది.