వడ్రంగి ఇంట్లో గాలి పరుపు

ఆ ఇంట్లో తెల్లవారేది సూర్యుడి వల్ల కాదు, బుస్సుమనే చప్పుడు వల్ల. ఆరు కొట్టగానే తల్లి హాల్లోకి వచ్చి, కూతురు పడుకున్న గాలి పరుపు బిరడా పీకేది. పరుపు పెద్ద నిట్టూర్పు విడిచి కూతుర్ని మెల్లగా నేలమీదికి దించేది. వీపుకి చల్లటి గచ్చు తగలగానే కూతురు లేచి, దుప్పటి మడతపెట్టి, ఒక్క మాటైనా అనకుండా స్నానానికి పోయేది. ఏడయ్యేసరికి పరుపు చాపచుట్టలా చుట్టుకుపోయి అలమారా ఎక్కేది. ఆ తరవాత ఎవరొచ్చి చూసినా, ఆ ఇంట్లో ఒక మనిషి అదనంగా పడుకున్న జాడే ఉండేది కాదు.

ముప్ఫై ఎనిమిది రోజులుగా ఇదే తంతు.

ఇంటాయన వడ్రంగి, అందులోనూ మంచాల వడ్రంగి. ఆ పేటలో సగం మంది ఆయన చేసిన మంచాల మీదే పుట్టారు. మిగతా సగం అలా పుట్టామని గొప్పలు చెప్పుకుంటారు. ఆ మంచాలు ఎంత గట్టివంటే, ఒకసారి వరదొచ్చి ఇల్లంతా కొట్టుకుపోయినా మంచం మాత్రం కదల్లేదట. దాని మీద పడుకున్న ముసలాయన తెల్లారి లేచి, ఆవులించి, "ఇల్లేదిరా?" అని అడిగాడట. ఇది చెప్పేది వడ్రంగే కాబట్టి సగం కొట్టేయండి. మిగిలిన సగమైనా తక్కువేం కాదు. అలాంటి మనిషి గడప లోపలికి గాలి పరుపు రావడమంటే, రొట్టెల దుకాణం వాడు పక్కింటికి వెళ్ళి రొట్టెముక్క అడుక్కోవడమే.

అది రావడానికి కారణం కూతురు. పెళ్ళయి ఆరేళ్ళు. పార్శిలు ఆఫీసులో కౌంటరు మీద పని. ఒక సాయంత్రం చేతి సంచీతో వచ్చి, "కొన్నాళ్ళు ఇక్కడుంటానమ్మా" అంది. అల్లుడు కొట్టలేదు, తిట్టలేదు. ఏడాదిన్నరగా మాట్లాడ్డం మానేశాడు, అంతే. గట్టిగా అడిగితే ఆమె చెప్పింది కూడా ఒక్క ముక్కే: "ఆ ఇంట్లో నేనున్నానో లేనో నాకే తెలీడం లేదు." కౌంటరు మీద పార్శిలు బరువు చదివినట్టు చదివింది. కళ్ళలో తడి లేదు. టీ కప్పు పట్టుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా అలాగే కూర్చుంది.

ఆమె చిన్నప్పటి గదినిండా ఇప్పుడు చెక్కలే. చిన్నప్పటి మంచం, పెళ్ళయిన నెలకే ఎవరికో ఇచ్చేశారు. అందుకని మర్నాడు ముగ్గురూ కలిసి డేరాలూ టార్చిలైట్లూ అమ్మే దుకాణానికి వెళ్ళారు.

"ఎవరికండీ? కొండలెక్కేవాళ్ళకా, ఇంటికొచ్చే చుట్టాలకా?" అని అడిగింది దుకాణం ఆవిడ.

"చుట్టాలకే" అంది తల్లి, తడుముకోకుండా.

పక్కనే ఉన్న కూతురు తలైనా తిప్పలేదు.

"ఎన్ని రాత్రులకి? ఒకటి రెండు రాత్రులకైతే ఈ జానెడెత్తుది చాలు. చుట్టి ఎక్కడైనా దాచుకోవచ్చు. కాకపోతే పక్కకి తిరిగి పడుకుంటే తుంటి నేలకి తగులుతుంది. వారం పదిరోజులకైతే ఈ మోకాలెత్తుది తీసుకోండి. లోపల అరలు అరలుగా ఉంటుంది, మధ్యలో గుంట పడదు. పైన నూగుంది, దుప్పటి జారదు. ఇంక నెలల తరబడి అంటారా..." ఆవిడ నవ్వేసింది. "అప్పుడు గాలి పరుపెందుకండీ, మంచం చేయించుకోండి!"

ఆ జోకుకి ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. వడ్రంగి చెప్పులు విప్పి మోకాలెత్తు పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఇది పడవలా ఊగుతోందే! రేవెక్కడ, దిగాలంటే?"

"లేవండి బాబూ, నలుగురూ చూస్తున్నారు" అంది తల్లి.

"చూడనీ. వాళ్ళంతా రోజూ పడుకునేది నా మంచాల మీదే. ఒక్కపూట నేను పడుకుంటే చూడలేరా? ఒసే పొట్టీ, నువ్వూ ఒకసారి పడుకుని చూడవే."

పొట్టి అన్నది చిన్నప్పటి పిలుపు. ఇప్పుడామె తండ్రికంటే జానెడు పొడుగు. చెప్పినట్టే పడుకుంది. పైన మిణుకుమిణుకుమంటున్న ట్యూబ్‌లైటు వంక చూస్తూ ఉండిపోయింది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"మరి ఆ పల్చటిది?"

"అదీ బాగానే ఉంది."

"ఏదో ఒకటి తేల్చి చెప్పవే తల్లీ."

"ఏదైనా ఒకటే నాన్నా."

దాంతో తల్లి జానెడెత్తుదే తీయించింది, చుట్టి దాచడానికి వీలని. కాలితో తొక్కే పంపు కూడా ఇస్తూ దుకాణం ఆవిడ, "కొత్త పరుపు మొదటి రాత్రి కాస్త సాగుతుంది. పొద్దున్నే మెత్తబడిందని చిల్లి పడిందనుకునేరు" అని మరీ మరీ చెప్పింది.

అప్పటినుంచీ రోజూ సాయంత్రం కూతురు పంపు తొక్కేది. కీచుమని అది చేసే గోలకి ఎదురింటి పిల్లి కాపురం మార్చేసిందని వడ్రంగి అంటాడు. రెండొందల పన్నెండు తొక్కులు. రోజు మొత్తంలో ఆమె ధ్యాస పెట్టి చేసే పని అదొక్కటే. మిగతాదంతా దానంతటదే జరిగిపోయేది. పార్శిలు తూకం మీద పెట్టడం, అంకె చదవడం, ముద్ర వేయడం. ఇంటికొచ్చి పళ్ళెం ముందు కూర్చోవడం. "ఉప్పు సరిపోయిందా?" అని తల్లి అడిగితే ఊకొట్టేది. ఒకరోజు తల్లి ఉప్పు వేయడం మరిచిపోయింది. ఆరోజూ ఊకొట్టింది.

ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి ఆరా తీసేది. "అమ్మాయి ఇంకా వెళ్ళలేదా?"

"ఆఫీసు ఇక్కడికి దగ్గర కదండీ, నాలుగు రోజులుండి వెళ్తుంది" అనేది తల్లి. ఆ నాలుగు రోజులు ఐదు వారాలుగా గడుస్తూనే ఉన్నాయి.

వడ్రంగి మాత్రం ఏమీ అనేవాడు కాదు. సాయంత్రాలు పెరట్లో షెడ్డులో చిత్రిక పడుతూ ఉండేవాడు. అడిగితే ఎవరిదో ఆర్డరనేవాడు. ఒక పొద్దున పాలు పొంగి తల్లి వంటింట్లోకి పరుగెత్తింది. గాలి తీసిన పరుపు నేలమీద పరిచే ఉంది. కూతురు స్నానాల గదిలోంచి వచ్చేసరికి, తండ్రి దాని మీదికి వంగి కొలతల టేపు లాగుతున్నాడు.

"ఏంటి నాన్నా?"

"చిల్లేమైనా ఉందేమోనని వెతుకుతున్నా."

"టేపుతోనా?"

"పెద్ద చిల్లేమోనే!"

మామూలుగా అయితే ఆమె పడీ పడీ నవ్వే మాటే. తువ్వాలు ఆరేయడానికి వెళ్ళిపోయింది. వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి జేబులోని చెక్కముక్క మీద ఏవో అంకెలు రాసుకున్నాడు.

ముప్ఫై తొమ్మిదో రోజు సెలవు. ఆరింటికి యథాప్రకారం బుస్సుమంది. గాలంతా పోయింది. కూతురు మాత్రం లేవలేదు. నేలకి అంటుకుపోయిన రబ్బరు మీద, కళ్ళు తెరిచి, అలాగే పడుకుని ఉంది.

"లేవే. ఎదురింటావిడ కుట్టుమిషను అడగడానికి వస్తానంది."

"రానీ."

"పొద్దున్నే ఏంటే ఈ మొండితనం?"

"మొండితనం కాదమ్మా. లేవాలని లేదు. పడుకోవాలనీ లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో ఏమీ లేదు." కూతురు పైకప్పు వంకే చూస్తోంది. "ఒకటి చెప్పు. రోజూ ఆరింటికే గాలెందుకు తీస్తావు?"

"హాలు కదా, కాళ్ళకి అడ్డం."

"ఎవరి కాళ్ళకి? మనకా, వచ్చేవాళ్ళకా?"

అంతే, తల్లి గొంతు లేచింది. "అవునే, వచ్చేవాళ్ళకే! వాళ్ళకి ఏం చెప్పమంటావు? నువ్వు నాకేమైనా చెప్పావా చెప్పడానికి? ఒక ఏడుపు లేదు, ఒక కోపం లేదు. అతన్ని తిట్టు, లేదా నన్ను తిట్టు, ఏదో ఒకటి చెయ్యి! బండరాయిలా వస్తావు, పంపు తొక్కుకుంటావు, పడుకుంటావు. నీకు మంచం వేయడం నాకు చేతకాకనా? మంచాలు చేసేవాడి పెళ్ళాన్ని! వేశానంటే, అతని ఇంటి తలుపు నీకు నా చేత్తో మూసేసినట్టేనని భయం. రేపు అతనొచ్చి పిలిస్తే?"

"పిలవడు."

"నీకెలా తెలుసే?"

"పిలవాలంటే మాట్లాడాలి కదమ్మా."

కూతురే చెప్పుకుపోయింది, గొంతులో ఎత్తూ పల్లం లేకుండా. "కిందటి వారం బట్టల కోసం వెళ్ళాను. తలుపు తీసి పక్కకి జరిగాడు. నేను సర్దుకున్నంతసేపూ టీవీ చూశాడు. నేను బయటికొచ్చాక తలుపేసుకున్నాడు. అంతే. అక్కడ నేను లేనట్టే ఉండేవాడు. ఇక్కడ ఏడయ్యేసరికి నేను లేనట్టే నువ్వు సర్దేస్తున్నావు. రెంటికీ తేడా ఏంటో చెప్పు, లేస్తాను."

తల్లి చేతిలో ఇంకా ఆ బిరడా ఉంది. దానివంక చూసుకుంది. మెల్లగా గోడకి చేరగిలబడి, కూతురి పక్కనే గచ్చు మీద కూర్చుండిపోయింది. బయట సైకిలు గంట మోగి దూరమైంది. వీధి కుళాయి దగ్గర ఎవరో బిందె కడుగుతున్నారు.

"మీ ఇద్దరి వాదనా అయిపోతే, ఆ పరుపుకి గాలి కొట్టండి" అన్నాడు గుమ్మంలోంచి వడ్రంగి.

"ఇప్పుడా?" అంది తల్లి.

"ఇప్పుడే. నాకు దాంతో పనుంది."

కూతురు లేచింది. ఎందుకని అడిగే ఓపిక లేక, చెప్పిన పని చేసింది. రెండొందల పన్నెండు తొక్కులు. తండ్రి మొలతాడుకున్న తాళంచెవి తీసి, వార్నీషు ఆరాలని నాలుగు రోజులుగా తాళం వేసి ఉంచిన చెక్కల గది తెరిచాడు. లోపల చెక్కలు లేవు. కిటికీ పక్కన ఒక మంచం ఉంది. పొడుగాటి మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేటంత మంచం. తలవైపు పుస్తకం పెట్టుకోవడానికి చిన్న అర.

"ముక్కలు ముక్కలుగా లోపలికి చేరేసి ఇక్కడే బిగించాను" అన్నాడు వడ్రంగి గొప్పగా. "పెట్టవే పొట్టీ. అతికినట్టు కూర్చుంటుంది చూడు."

ముగ్గురూ పరుపు మోసుకొచ్చి మంచంలో దింపారు. చుట్టూ నాలుగు వేళ్ళ సందు. ఏ మూలకి జరిపితే ఆ ఎదుటి మూల బోసి. వడ్రంగి మొహం పాలిపోయింది. టేపు తీసి కొలిచాడు, జేబులోంచి ఆ చెక్కముక్క తీసి చూసుకున్నాడు, మళ్ళీ కొలిచాడు.

"నలభై ఏళ్ళలో ఒక్క మంచమూ తేడా రాలేదే..." అన్నాడు నీరసంగా.

"ఆరోజు నువ్వు కొలిచింది గాలి తీసిన పరుపు నాన్నా. గాలెక్కితే పక్కలు లోపలికి లాక్కుంటుంది. రోజూ తొక్కుతున్నాగా, చూస్తూనే ఉన్నాను. ఒక్కమాట నన్నడిగితే చెప్పేదాన్ని."

"నిన్నడిగితే ఏమంటావే? 'ఏదైనా ఒకటే నాన్నా' అంటావు!"

అచ్చం ఆమె గొంతుతోనే అన్నాడు, ఆ చచ్చిన చూపుతో సహా. కూతురి ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. అది నవ్వేనని ముందు ఎవరికీ తెలియలేదు. అది పెద్దదై, భుజాలు కుదిపేసి, ఎక్కడ తిరిగిందో ఏమో, ఏడుపైపోయింది. మంచం పట్టె పట్టుకుని వంగి, ఏడాదిన్నర ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. తల్లి వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, "ఏడు తల్లీ, ఏడు" అంటూ తనూ ఏడ్చింది. వడ్రంగి మొహం కనపడకుండా గోడవైపు తిరిగి, టేపుని లోపలికీ బయటికీ లాగుతూ నిలబడ్డాడు.

కాసేపటికి తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, గాలి పరుపు బిరడా పీకింది. అది పూర్తిగా చప్పబడేదాకా మోకాలితో అదిమిపట్టి, చుట్టి, అటక మీదికి విసిరింది. మొగుడి చేతిలోంచి టేపు లాక్కుని మంచం కొలిచింది.

"దూది పరుపు కుట్టించుకొస్తాను, సరిగ్గా ఈ మంచానికే. ఎలా కుట్టమననే, మెత్తగానా, గట్టిగానా?"

కూతురు ఎర్రబడ్డ కళ్ళతో కిటికీలోంచి చూస్తూ, నిజంగానే ఆలోచించింది.

"గట్టిగా" అంది.

తలుపు చప్పుడైంది. కుట్టుమిషను కోసం ఎదురింటావిడ. తల్లి ఆ మంచం గది తలుపు వేయలేదు, బార్లా తెరిచే ఉంచి వెళ్ళింది. ఎదురింటావిడ మెడ సాచి మంచం చూసి, "ఇదేంటి, అమ్మాయి ఇంకా ఎన్నాళ్ళుంటుందేంటి?" అంది.

"ఈయన పట్టెలకి జిగురు పెట్టి బిగించేశారండీ" అంది తల్లి. "ఆ మంచం ఇంక ఈ గుమ్మంలోంచి బయటికి పోదు. మిషను కావాలన్నారుగా, తీసుకెళ్ళండి."

ఆవిడ వెళ్ళాక, దూది పరుపు వచ్చేదాకా అని రెండు బొంతలు పరిచిన ఆ కొత్త పలకల మీద, వార్నీషు వాసనలో, కూతురు కాళ్ళు చాపుకుని నిద్రపోయింది. లేచేసరికి మధ్యాహ్నం దాటింది. అందాకా ఎవరూ లేపలేదు.