ఇరవై రెండు ఇళ్ల పిలుపు

"ఉయ్యాల యాడుండాది వదినా? బండిలో వస్తాండాదా, ఇంకా చెట్టు కొడతానే ఉండారా?"

కృష్ణవేణమ్మ ఆ మాట నవ్వుతూనే అంది. కానీ కల్లూరులోని ఆ కొత్త ఇంటి హాల్లో కూర్చున్న ఆడవాళ్లందరికీ వినపడేలా అంది! మనవరాలికి మూడో నెల నిండింది. పేరు పెట్టి ఉయ్యాలలో వేసే రోజు. ఇరవై రెండు ఇళ్లకు స్వయంగా తిరిగి, బొట్టు పెట్టి మరీ పిలిచింది కృష్ణవేణమ్మ. అయ్యవారు చెప్పిన మంచి గడియ దాటిపోతోంది. కోడలు శివలీల ఒళ్లో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పుట్టింటివాళ్లు పెట్టాల్సిన ఉయ్యాల మాత్రం ఇంకా రాలేదు... శివలీల తల్లి నాగమునెమ్మ వేంపల్లె నుంచి వచ్చినప్పటి నుంచీ గడప దగ్గరే నిలబడి, వీధి చివర వైపే చూస్తోంది.

"వస్తాది వదినా... ఈ పొద్దు ఖాయంగా దించుతామని చెప్పినారు."

"రశీదు ఇట్లియ్యి. నేనే అడుగుతా."

కృష్ణవేణమ్మ రశీదు మీది నెంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. అవతల కర్నూలు ఫర్నిచర్ దుకాణం యజమాని సుధీర్. గొంతు ఎంత మెత్తగా ఉందో!

"వేంపల్లె నాగమునెమ్మ ఆర్డరా మేడం? అది క్యాన్సిల్ అయింది కదా! ఆమే వద్దని చెప్పి, ఇచ్చిన డబ్బు వెనక్కు తీసుకుని పోయింది."

హాల్లో తలలన్నీ గడప వైపు తిరిగాయి! నాగమునెమ్మ నోరు తెరిచింది కానీ మాట రాలేదు. ఆ ఒక్క క్షణం ఆలస్యమే ఆమెను దోషిని చేసేసింది.

"లేదు వదినా! నా బిడ్డ మీద ఒట్టు, నేను క్యాన్సిల్ చేయలే..."

"ఒట్లెందుకులే వదినా. పెట్టలేనని ముందే చెప్పుంటే నేనే కొనుక్కునేదాన్ని. ఇంతమందిని కూర్చోబెట్టి ఈ అబద్ధాలేంటికి?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు శివలీల గుండెలో ముల్లులా దిగింది. పాత చీరతో ఉయ్యాల కట్టి, ఆ తంతు ఏదో అయిందనిపించారు. నాగమునెమ్మ ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ గమనించలేదు.

ఆ తల్లి అబద్ధం ఆడుతుందా! అరటితోటల్లో కూలికి పోతూ, భర్త పోయాక ఒంటిచేత్తో కూతుర్ని ఇంటర్ దాకా చదివించిన మనిషి ఆమె. శివలీలకు ఏడో నెల ఉన్నప్పుడే, కల్లూరుకు దగ్గరవుతుందని కర్నూలు దుకాణంలో డబ్బు కట్టి ఉయ్యాల చెప్పింది. నలభై రోజుల్లో ఇస్తామన్నారు. ఇవ్వలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "రేపు" అన్నారు, "పాలిష్‌లో ఉంది" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. ఆమె కూలి మానుకుని మూడుసార్లు కర్నూలుకు వెళ్లింది. మూడోసారి, కాళ్లు లాగుతుంటే ఒక సోఫా అంచున కూర్చోబోయింది. "అది అమ్మకానికి పెట్టిందమ్మా, మాసిపోతుంది, లెయ్" అన్నాడు సుధీర్. నలభై సోఫాలున్న దుకాణంలో రెండు గంటలు నిలబడి, పేరు పెట్టే రోజుకు ఖాయంగా దించుతామన్న మాట తీసుకుని వచ్చింది! ఆ సంగతి కూడా కూతురికి నవ్వుతూనే చెప్పింది...

నాలుగో రోజు శివలీల ఫోన్‌లో ఆ దుకాణం వాళ్ల స్టేటస్ కనిపించింది. ఎవరిదో పెద్ద బంగళా. పాలరాతి నేల మీద ఒక టేకు ఉయ్యాల. కింద "కస్టమర్ సంతోషమే మా సంతోషం" అని రాసి ఉంది. శివలీల ఫొటో పెద్దది చేసి చూసింది. ఉయ్యాలకు రెండు వైపులా చిలకలు. ఆ చిలకల నోట్లో జొన్నకంకులు! అందరూ చిలక నోట్లో జామకాయ చెక్కిస్తారు. తన తల్లి మాత్రం, "మాకు అన్నం పెట్టింది జొన్నేనప్పా, కంకే చెక్కు" అని వడ్రంగి పక్కన నిలబడి కాగితం మీద గీసి చూపించి, ఆ కాగితాన్ని రశీదుతో పాటే దాచుకుంది. అమ్మ గీసిన కంకి, అమ్మ చెప్పిన చిలక, ఎవరింట్లోనో ఉన్నాయి! ఎక్కువ ఇచ్చే ఆసామి దొరికితే అమ్మేసుకుని, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఒక తల్లిని ఇరవై రెండు ఇళ్ల ముందు అబద్ధాలకోరును చేశాడు!

ఆ ఫొటో దాచుకుని అత్తకు చూపించింది.

"ఫోన్లో బొమ్మలకేమి, ఎన్నైనా వస్తాయి" అని కృష్ణవేణమ్మ ముఖం తిప్పుకుంది.

భర్త హనుమేష్ మంచివాడే. కానీ గొడవంటే భయం. "పోనీలే శివా. మనమే ఇంకోటి కొందాం."

"కొనొచ్చు. మా అమ్మ మాట యాడ కొంటావు?"

హనుమేష్ పాపను ఎత్తుకుని బయటికి నడిచాడు.

శివలీల ఏడవలేదు. చిన్నప్పటి నుంచీ ఆమె అంతే, మాట తక్కువ, చూపు ఎక్కువ. పదో తరగతిలో చదివిన వినియోగదారుల హక్కుల పాఠం గుర్తుచేసుకుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి ఓపికగా చెప్పినవన్నీ రాసుకుంది. లాయరు లేకపోయినా ఫిర్యాదు చేయొచ్చు. కొన్నవాళ్లు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాలోనే చేయొచ్చు. ఆ చివరి మాట దగ్గర శివలీల కలం ఆగింది. రశీదు అమ్మ పేరు మీద ఉంది. అమ్మ ఉండేది వేంపల్లెలో. అంటే కడప!

"కర్నూలులోనే వేస్తే మనకు దగ్గర కదా?" అన్నాడు హనుమేష్.

"మనకు దగ్గరే. ఆ దుకాణం ఆయప్పకు గూడా దగ్గరే. అందుకే వద్దు."

ఆమె గొంతులోని చల్లదనానికి హనుమేష్ ఉలిక్కిపడ్డాడు!

కడప వినియోగదారుల కమిషన్‌లో మొదటి రెండు వాయిదాలకు సుధీర్ రాలేదు. ఇక రాకపోతే నువ్వు లేకుండానే తీర్పు చెబుతామని కమిషన్ హెచ్చరించాక మూడో వాయిదాకు పరుగెత్తుకు వచ్చాడు. కర్నూలు నుంచి ఐదు గంటల ప్రయాణం. చెమటలు కక్కుతూ వరండాలోకి వచ్చి, కూర్చోవడానికి ఉన్న ఒక్క బల్ల వైపు చూశాడు. బల్ల మీద నాగమునెమ్మ, శివలీల, మధ్యలో నిద్రపోతున్న పాప. శివలీల చేతిసంచి తీసి, మిగిలిన ఆ కాస్త చోటులోనూ పెట్టింది.

"పాప గుడ్డలప్పా. మాసిపోతాయి."

సుధీర్ ఆ రోజు మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. పై వాయిదాకూ నిలబడ్డాడు. కానీ ఈసారి చేతులు నలుపుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది, చిన్న విషయానికి ఇంత దూరం తిప్పుతాండావు! డబ్బు వాపస్ ఇస్తా. దాని మీద ఇంకొంత ఇస్తా. అంతకన్నా మంచి ఉయ్యాల ఫ్రీగా చేయించి ఇస్తా."

"మా అమ్మ ఎన్నిసార్లు వచ్చింది నీ దుకాణానికి?"

"అది... పనివాళ్లు చూసుకుంటారమ్మా, నాకేం తెలుసు..."

"మూడుసార్లు. నీవింకా అన్నిసార్లు కూడా రాలేదు. బండి దొరుకుతుంది, పో."

"వద్దులే పాపా... పాపం, అలిసిపోయినాడు" అంది నాగమునెమ్మ మెల్లగా. శివలీల విననట్టే పాపకు గుడ్డ సర్దింది.

ఐదో వాయిదాలో ఆ ఫొటో, తల్లి గీసిన కాగితం పక్కపక్కన పెట్టేసరికి సుధీర్ ముఖం నల్లబడింది. తీర్పు దాకా పోతారా, రాజీ పడతారా అని కమిషన్ వాళ్లు అడిగారు. శివలీల లేచి నిలబడింది.

"చట్టప్రకారం రావాల్సింది ఇప్పించండి సార్, ఎక్కువేమీ వద్దు. ఒకటే అడుగుతాండా. ఆ పొద్దు ఫోన్లో అబద్ధం విన్నోళ్లందరి ముందరకు ఈయన వచ్చి, నిజం తన నోటితో చెప్పాల."

"అదొక్కటి వద్దమ్మా! కల్లూరులో అన్నీ కొత్త ఇళ్లే, నా గిరాకీ అంతా అక్కడే... నా వ్యాపారం పోతాది!"

"మా అమ్మకు పోయింది వ్యాపారం కాదప్పా."

రాజీ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అతను రెండుసార్లు కలం ఆపడం శివలీల తృప్తిగా చూసింది.

ఆదివారం పొద్దున కుంకుమ భరిణె చేతబట్టుకున్న కోడల్ని చూసి కృష్ణవేణమ్మ అదిరిపడింది. "యాడికి పోతాండావు?"

"పిలుపులకు అత్తా. ఆ పొద్దు నువ్వు పిలిచిన ఇరవై రెండు ఇళ్లకు."

"నా ఇంట్లో పంచాయితీ పెడతావా?"

"ఆ పొద్దు పెట్టినావు గదా అత్తా."

కృష్ణవేణమ్మ గడప నుంచి పక్కకు జరిగింది.

సాయంత్రానికి హాలు నిండింది. నాగమునెమ్మను శివలీల అందరి మధ్యలో కూర్చోబెట్టింది. సుధీర్ తల వంచుకుని చెప్పాడు.

"ఈమె ఆర్డరు క్యాన్సిల్ చేయలేదు. ఉయ్యాల నేనే వేరేవాళ్లకు అమ్మినాను. ఆ రోజు ఫోన్లో అబద్ధం చెప్పినాను..."

"వెనకాలోళ్లకు వినపడలే. మళ్లీ చెప్పు."

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి వీధి దాకా వినపడింది. వెనక వరసలో ఎవరూ నవ్వలేదు.

శివలీల ఇన్నాళ్లూ ఎదురుచూసిన క్షణం అది! కానీ ఆమె కళ్లు అతని మీద లేవు, అత్త మీద ఉన్నాయి. కృష్ణవేణమ్మ మెల్లగా లేచి వచ్చి వియ్యపురాలి ముందు నేల మీద కూలబడిపోయింది.

"ఆయప్ప నీ మొకం సూడకుండా అన్నాడు వదినా. నేను నీ మొకం సూస్తా అన్నా! ఆయప్పకు కడపలో కోర్టు ఉండాది... నాకు యాడుండాది వదినా? నువ్వే చెప్పు!"

కృష్ణవేణమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.  నాగమునెమ్మ ఆమె భుజం మీద చేయి వేసి, చాలా చిన్న గొంతుతో అంది.

"ఆ పొద్దు నీ ఇంట్లో నేను అన్నం తినకుండా పోయినా వదినా. ఎవురూ సూడలే. ఇప్పుడు పెట్టు... ఆకలిగా ఉండాది."

ఆ మాటకు హాల్లో కన్నీళ్లు పెట్టని ఆడది లేదు! కృష్ణవేణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి పరుగెత్తింది. తనే ఆకు వేసింది, తనే వడ్డించింది, పక్కనే కూర్చుని విసురుతూ ఉండిపోయింది. రెండు ముద్దలు తిన్నాక నాగమునెమ్మ తలెత్తి, గుమ్మం దగ్గర ఇంకా నిలబడి ఉన్న సుధీర్ వైపు చూసింది.

"ఆయప్పకు గూడా ఒక ఆకు వెయ్యి పాపా. పొద్దుటి నుంచి తిన్నాడో లేదో."

పుట్టి బుద్ధెరిగినాక శివలీల తల్లి మాటకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు చెప్పింది.

"నీకు కోపం పోయింటే నువ్వు క్షమించమ్మా. నాకింకా పోలేదు."

ఆమె గుమ్మం దాకా నడిచి, తలుపు మీద చేయి వేసింది. సుధీర్ ఆమె ముఖం ఒకసారి చూసి, చెప్పులు వెతుక్కుని మెట్లు దిగాడు. శివలీల తలుపు మూసి, తల్లి ఆకులో పెరుగు వడ్డించడానికి లోపలికి నడిచింది.