గడప దగ్గర విప్పిన కాలు

కాఫీ డికాషన్ దిగేలోగా కృష్ణప్రియ వంటింటి గడప దగ్గర కూర్చుని, మోకాలి పైన బిగించిన తోలు పట్టీ విప్పి, కృత్రిమ కాలిని గోడకు ఆనించింది. తోలు తగిలిన వస్తువేదీ మడి వంటింట్లోకి రాకూడదన్నది అత్తగారు బాలసరస్వతి శాసనం. అందుచేత బందరులోని ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి నేలమీదికి దిగింది. కోడలు నేలమీద జరుగుతూ వంట చేసేది.

“గుమ్మంలో ఆ కాలు చూస్తే ఎవరో సగం మనిషి నుంచున్నట్టుంది,” అంది బాలసరస్వతి వత్తులు చేసుకుంటూ. “రెండో సగం ఇక్కడ పాకుతోంది.”

పెడన స్టేషనులో కదిలే రైలు ఎక్కబోయి కాలు పోగొట్టుకున్నప్పటి నుంచి మాటలు పడటం కృష్ణప్రియకు అలవాటే. పైగా ఆ క్రూరమైన శాసనమే తనకు ఊపిరి పోస్తోందని ఆమె ఒక్కదానికే తెలుసు.

భర్త భార్గవ్ కాలేజీ లెక్చరరు. అతను చెన్నైలో చేయించిన ఆ కాలికి ఆమె ఒంటి రంగు తొడుగు, వేళ్లు, గోళ్లు అన్నీ ఉన్నాయి. ఉన్న డబ్బంతా రూపానికే అయిపోవడంతో, మోకాలి కింద మిగిలిన భాగం ఇమిడే గిన్నెను సరిచేయించడానికి మళ్లీ వెళ్లడం వాయిదా పడింది. గిన్నె అంచు ఒరుసుకుని పుండు పడింది. పగలు కాలు విప్పితే భార్గవ్ ఒప్పుకునేవాడు కాదు; వంటింట్లో తప్ప దానికి గాలి తగిలే చోటే లేదు.

గుడివాడలో పెట్టే కృత్రిమ కాళ్ల శిబిరంలో కొలతలు తీసి, నొప్పి లేకుండా అమర్చి, ఉచితంగా ఇస్తారని పనిమనిషి వీరమ్మ చెబితే భార్గవ్ నవ్వాడు. “ఆ నల్ల రబ్బరు పాదమా? నా భార్యకా?” ఇంటికి వచ్చినవాళ్లతో మాత్రం ఉత్సాహంగా, “ఏది అసలు కాలో చెప్పండి చూద్దాం!” అనేవాడు. వాళ్లు వంగి చూసేవారు. అతని సంతోషం చెడగొట్టలేక ఆమె నవ్వుతూ నిలబడేది.

ఆ ఉదయం భార్గవ్ చేతిలో కొత్త పట్టీతో వచ్చాడు.

“అమ్మా, ఇది పెడనలో నేయించిన నూలు పట్టీ. ఇంక తోలు లేదు. నా భార్య నేలమీద పాకడం నేను చూడలేను.”

“తోలు పోతే రబ్బరు లేదుట్రా?”

“నీ గ్యాసు పైపు ఏవిటి, పట్టుపంచా?”

బాలసరస్వతి తడబడింది. వంకాయలు తరుగుతున్న కృష్ణప్రియ, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, అత్తగారే గెలవాలని దేవుణ్ణి వేడుకుంది.

“సరే, నీ పెళ్లాం, నీ ఇష్టం. తిరగమను.”

“ఇప్పుడు వద్దండీ…”

“అమ్మకి భయపడకు ప్రియా.” అతనే మోకరించి, కాలు తొడిగి, పట్టీ బలంగా బిగించాడు. “లే! దర్జాగా నడు.”

ఆమె లేచింది. రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. గిన్నె అంచు దాటిన నెత్తురు ఆ అందమైన చీలమండ మీదుగా జారి బొటనవేలి గోరు దగ్గర ఆగింది.

బాలసరస్వతి వంగి చూసింది. “ఏది అసలు కాలో ఇప్పుడు చెప్పరా.”

భార్గవ్ గబుక్కున ఆమెను గోడవారగా కూర్చోబెట్టాడు.

“విప్పుకునే చోటు నాకు ఇదొక్కటే ఉండేదండీ,” అంది కృష్ణప్రియ. “దాన్నీ తీసేశారు.”

బాలసరస్వతి చేతిలోని వత్తులు నేలమీద పడ్డాయి. పట్టీ విప్పి, పుండు చూసి, కొడుకు వైపు తిరిగింది. “నేను దీన్ని ఏడిపించాలనే ఏడిపించాను. ఆ పాపం నాకు తెలుసు. నువ్వు ప్రేమనుకుంటూ ఏడిపించావు. నీకది కూడా తెలీదు. ఇది మొత్తుకుంటే వినే మనిషే లేకపోయాడు ఈ ఇంట్లో.” భార్గవ్ గడప మీదే కూలబడి ఏడ్చాడు.

పుండు మానాక అతనే ఆమెను గుడివాడ తీసుకువెళ్లాడు. అక్కడిచ్చిన కాలు ఆమె రంగుకు కలవలేదు. ఎవరైనా ఇట్టే కనిపెడతారు. కానీ బస్సు దిగి ఇంటిదాకా నడిచినా ఎక్కడా ఒరుసుకోలేదు.

మర్నాడు ఉదయం ఆమె అలవాటుగా గడప దగ్గర కూర్చుని పట్టీ మీద చెయ్యి వేసింది.

“ఆగిపోయావేం?”

“అత్తయ్యగారూ, ఇది తోలే.”

బాలసరస్వతి గరిటె ఆపలేదు, తల తిప్పలేదు.

“కనబడుతోంది. ఆ కళ్లు తుడుచుకుని లోపలికి రా. పప్పు అడుగంటుతోంది.”