కట్ట మీద కుంటినడక

ఆ ఏడు శ్రావణంలో పడ్డ పెద్దవానకు హిమాయత్ సాగర్ కట్టంతా బురదైపోయింది. ఆ బురదలో, సరిగ్గా దారి మధ్యలో, కొత్త తెల్లబూట్లు వేసుకుని పరుగెత్తుతున్నాడు దుర్గేష్. రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాడు. పొట్ట వస్తోందిరా అని అమ్మ అన్నందుకు రోషం వచ్చి పరుగు మొదలుపెట్టాడు.

"అన్నా, జర పక్కకు జరుగు," అంది వెనక నుంచి ఓ గొంతు.

జరిగేలోపే ఓ అమ్మాయి దూసుకుపోయింది. గుంటలో నీళ్ళు ఎగిరి తెల్లబూట్లు ఎర్రబూట్లయ్యాయి.

"ఏమండీ, కళ్ళు కనపడట్లేదా?"

ఆమె ఆగలేదు. మొహం మాత్రం ఇటు తిప్పింది. "కనవడ్డయి గనుకనే జరుగుమన్న."

ఆమె పేరు నిర్మల. శంషాబాద్ రైతు ఈశ్వరయ్య కూతురు. ఇంటర్ అయింది. రోజూ బస్సులో వచ్చి యూనివర్సిటీ గ్రౌండ్‌లో కొండల్ సార్ దగ్గర లాంగ్ డిస్టెన్స్ ప్రాక్టీస్ చేసి, కట్ట మీదుగా పరుగెత్తుతూ ఇంటిదారి పడుతుంది. ఈ సంగతులన్నీ కనుక్కున్న మర్నాడే దుర్గేష్ కూడా కొండల్ సార్ బ్యాచ్‌లో చేరాడు. పొట్ట సంగతి ఆ రోజుతో మర్చిపోయాడు.

"అన్నా, నువ్వు గిట్ల ఉరికితే నత్తలు గూడ నవ్వుతయి."

"నన్ను అన్నా అనొద్దు."

"ఇగ ఏమనాలె? తాతా అనాల్నా?"

"దుర్గేష్ అను చాలు."

ఆమె ఓ క్షణం అతని కళ్ళలోకి చూసి, చప్పున చూపు తిప్పుకుంది. "పేరువెట్టి పిలువనీకి నాకు నోరు రాదు." అప్పటి నుంచి అన్నా పోయింది, పేరు మాత్రం రాలేదు. "ఇగో" అని పిలిచేది, అంతే.

వినాయక చవితి నాటికి ఆమె కుడి మడమలో నొప్పి మొదలైంది. పెద్దదేం కాదు. గ్రౌండ్‌లో ఉరుకు గానీ, పోయేటప్పుడు మాత్రం నడిచిపో అన్నాడు కొండల్ సార్. దుర్గేష్‌కు అది వరమే అయింది. సైకిల్ నడిపించుకుంటూ, ఆమె సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని, కట్ట దాటి బెంగుళూరు రోడ్డు దాకా తోడు వెళ్ళేవాడు. బస్సు ఎక్కించి ఈలవేసుకుంటూ తిరిగొచ్చేవాడు.

"మందేమైనా వాడుతున్నావా?"

"మా అమ్మ ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు వెట్టి మడమకు కాపుతది. కంట్లెకెల్లి నీళ్ళొస్తయి."

"తగ్గుతోందా మరి?"

"తగ్గుతది తీయ్. అంత జల్దేముంది?"

ఓ సాయంత్రం ఆమె ఎడమకాలు కుంటుతోంది. దుర్గేష్ గమనించాడు.

"నిన్నటి దాకా కుడికాలు కదా?"

నిర్మల తడబడింది. "గాలినొప్పి. తిరుగుతుంటది."

ఆకు చూసి పైరు తెగులు చెప్పగల కుర్రాడు, ఆ మాట అలాగే నమ్మేశాడు. ప్రేమలో పడ్డవాడికి ఏ కాలైతేనేం?

ఆ సాయంత్రమే నవ్వుతూ ఇంటి సంగతి ఒకటి చెప్పింది. రావిర్యాల నుంచి సంబంధం వచ్చింది. "స్టేట్ ట్రైనింగ్ క్యాంపుల నా పేరొస్తే రెండేండ్లు పెండ్లి మాట ఎత్తనన్నడు బాపు. రాకపోతే ఖాయం చేస్తడట."

"వస్తుంది. రాకపోవడమేంటి?" అన్నాడు దుర్గేష్. రెండేళ్ళలో తన చదువైపోతుంది, ఉద్యోగం వస్తుంది, వాళ్ళింటికి పెద్దవాళ్ళను తీసుకుని వెళ్ళొచ్చు. లెక్కంతా మనసులోనే కట్టుకున్నాడు. ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు.

దీపావళి వెళ్ళాక కొండల్ సార్ అతణ్ణి పక్కకు పిలిచాడు.

"క్యాంపుకు ఒక్క పిల్లనే పంపాలె. నిర్మల, స్వరాజ్యం ఇద్దరు ఒక్కతీర్గున్నరు. నా మనసు నిర్మల దిక్కే ఉన్నది. కాలెట్లున్నది దానిది?"

"ఆమెనే అడగండి సార్."

"ఉరికేటోళ్ళు నొప్పి ఉన్నదని ఎన్నడన్న చెప్తరా? దాచుకుంటరు. నువ్వైతే రోజూ ఎంబడి నడుస్తవు. నిజం చెప్పు."

తగ్గిపోయింది సార్ అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నిన్న సాయంత్రం కూడా ఆమె కుంటింది. క్యాంపులో పొద్దస్తమానం పరుగెత్తిస్తారు. ఆ కాలు పూర్తిగా చెడితే ఆమె ఇంకెప్పుడూ పరుగెత్తలేదు. ఆ అమ్మాయికి పరుగే ప్రాణం. తన ప్రేమ కోసం ఆమె కాలిని పణం పెట్టడానికి మనసొప్పలేదు.

"ఇంకా కుంటుతోంది సార్," అన్నాడు.

స్వరాజ్యం పేరు వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత కట్ట మీద నిర్మల అతని పక్కనే నడిచింది. సన్నగా తుంపర పడుతోంది.

"సార్ నిన్నడిగిండట గద."

"అడిగారు. నీ కాలు పాడవుతుందని భయపడ్డాను నిర్మలా. అబద్ధం చెప్పలేకపోయాను."

"నొప్పి బతుకమ్మ పండుగ ముందటనే పోయింది."

దుర్గేష్ సైకిల్ ఆపేశాడు. "మరి ఎందుకు కుంటుతున్నావు?"

"ఉరికితే ఇల్లు జల్ది వస్తది," అంది ఆమె.

ఇన్నాళ్ళూ తను చెప్పలేక దాచుకున్నదాన్ని ఆమె రోజూ కాలితో చెబుతూనే ఉంది. తనకే అర్థం కాలేదు.

"నేను మీ నాన్నగారితో మాట్లాడతాను. ఇప్పుడే వస్తాను పద. నువ్వంటే నాకు ప్రాణం."

"బాపు నిన్ననే రావిర్యాలకు పోయొచ్చిండు. మాటిచ్చిండు. ఇచ్చినంక మా బాపు మళ్ళడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నీ తప్పు లేదు. నువ్వు చూసిందే చెప్పినవ్. దొంగకుంటుడు కుంటింది నేను."

"నిర్మలా..."

"ఒక్కటి చెప్పాల్నా? మా అమ్మ ఇన్నేండ్లల్ల బాపును పేరువెట్టి పిలువంగ నేను వినలే. ఇగో అనే పిలుస్తది."

దుర్గేష్‌కు అప్పుడు తెలిసింది, ఆమెకు నోరు రాకపోవడం అంటే ఏమిటో. దుఃఖం ఆగలేదు. మొహం నీళ్ళవైపు తిప్పుకున్నాడు.

ఆమె హ్యాండిల్‌కున్న సంచి తీసుకుని వీపుకు గట్టిగా కట్టుకుంది. చున్నీ నడుముకు చుట్టుకుంది.

"పోతున్న, దుర్గేష్," అంది.

మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. పిలిచి పరుగందుకుంది.

అతను సైకిల్ అక్కడే పడేసి వెంట పరుగెత్తాడు. కాసేపటికే ఊపిరి అందక ఆగిపోయాడు. గ్రౌండ్‌లో కూడా ఆమె అంత వేగంగా పరుగెత్తగా అతను ఎన్నడూ చూడలేదు. వాన పెద్దదైంది. బురద, గుంటలు ఏవీ చూసుకోకుండా ఆమె దూరమవుతూ చిన్నదవుతోంది.

ఒక్కసారి కుంటితే బాగుండునని దుర్గేష్ కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు. బెంగుళూరు రోడ్డు మలుపు దాకా ఆమె కుంటలేదు.