ప్లమ్ ఫోర్క్ సాక్షి

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి డారెల్ వావ్రా చచ్చిపోవాలి. సముద్రాలకి అవతల, ఎక్కడో ఒక ఆఫీసులో ఆ నిర్ణయం జరిగిపోయింది.

"వావ్రా ఎవరు మేడమ్?" అడిగాడు ఏజెంట్ సోరెల్.

"నెబ్రాస్కాలో ట్రాక్టర్లు అమ్ముకునేవాడు. ఈసారి రాష్ట్ర శాసనసభకి నిలబడ్డాడు." వాషింగ్టన్ ఆఫీసులో మిసెస్ ప్రూయెట్ ఫైలు ముందుకు తోసింది. "కాగితాలు లేనివాళ్ళు ఎక్కడ కనబడ్డా షెరీఫ్ గంటలోగా పట్టి అప్పగించాలట. మినహాయింపులు లేవు. అదీ అతని బిల్లు."

"దానికి చంపడం ఎందుకు?"

"చంపి, నేరం మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే వలసకూలీల మీదకి నెడతారు. ఆ తర్వాత పరాయివాళ్ళు వేలు కదపక్కర్లేదు. కూలీల ఇళ్ళు తగలబెట్టి దేశాన్ని చీల్చే పని మనవాళ్ళే చూసుకుంటారు."

హంతకుడి కోడ్ పేరు 'పశువైద్యుడు'. వాడి ముఖం ఎవరూ చూడలేదు. వాడి రాక గురించి ఆ ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

యెసేనియా బర్రియెంతోస్ వారమంతా మా ప్లమ్ ఫోర్క్ హైస్కూలు వంటగదిలో గరిటె తిప్పేది. శనివారాలు ఎర్రగౌను తొడుక్కుని డాన్సు హాల్లో పాడేది. ఆమె పాడుతుంటే రైతులు చేతిలో బీరు మరిచిపోయేవాళ్ళు. మా ఊళ్ళో అంతకు మించిన పొగడ్త లేదు. నాలుగేళ్ళప్పుడు తల్లి చంకనెక్కి గ్వాటెమాలా నుంచి వచ్చింది. ఇప్పుడు ముప్ఫై ఒకటి. ఒక్క కాగితం లేదు. హంతకుణ్ణి పంపే ముఠా గాలం వేసింది అక్కడే. "విందు రోజున వంటగది వెనక తలుపు తీసిపెట్టు. లేకపోతే నీ గుట్టు షెరీఫ్‌కి చేరుతుంది" అంది ఫోన్లో ఒక గొంతు. ఆమె సరేనంది. అని, తిన్నగా సోరెల్ మనుషులకి కబురు పెట్టింది.

ధాన్యం గోదాము వెనక ఆపిన పికప్ ట్రక్కులో ఆమె, సోరెల్ కలుసుకున్నారు.

"తలుపు తీస్తాను. మనిషిని చూపిస్తాను. నాకేమిటి?" అంది.

"ఇలాంటి ముఠాల మీద సాక్ష్యం చెప్పేవాళ్ళకి ఒక వీసా ఉంది. నీ ఫైలు సిద్ధం చేశాను."

"సంతకం ఎప్పుడు?"

"పని కాగానే."

"పని కాగానే అని ఫ్యాక్టరీవాళ్ళు మా అమ్మకీ చెప్పారు సార్. పదకొండేళ్ళు చెప్పారు."

"నా మాట నమ్ము."

"నమ్మక ఏం చేస్తాను, నా చేతిలో ఇంకేముంది గనక."

శనివారం వచ్చింది. హైస్కూలు జిమ్‌లో వావ్రా ఎన్నికల విందు. నాలుగు వందల మంది జనం. సోరెల్ పంటల బీమా ఏజెంటు వేషంలో ఉన్నాడు. చెవిలో వినికిడి మిషను, నిజానికి అది రేడియో. యెసేనియా కాలరు గుండీలో మైకు. వెనక తలుపులోంచి దూరేవాడు ఒక్కడే ఉంటాడనుకున్నాడు మహానుభావుడు. చిల్లీ అనే మాంసం పులుసు గిన్నెలు మోసుకుంటూ ఏడుగురు వచ్చారు. మా ఊళ్ళో సాయానికొచ్చేవాడెవడూ ముందు గుమ్మంలోంచి రాడు.

ఏడుగురూ రైతుల్లాగే ఉన్నారు. ఎండకి కమిలిన మెడలు, మట్టి బూట్లు, వెలిసిన టోపీలు. గిన్నెలు దించేసి వరసలో నిలబడ్డారు. యెసేనియా వడ్డిస్తోంది.

మా వైపు చిల్లీ పెడితే పక్కనే దాల్చినచెక్క రోల్ పెట్టాల్సిందే. చిన్నప్పటినుంచీ బళ్ళో అలాగే తిని పెరుగుతాం. మాంసం పులుసులో తీపిరొట్టె ముంచుకుంటారా అని బయటివాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీండి.

నీలం చొక్కావాడి ప్లేటులో ఆమె రోల్ పెట్టబోయింది. వాడు మర్యాదగా కాగితం రుమాలు చాచాడు. "ఇందులో పెట్టమ్మా. తర్వాత కాఫీతో తింటాను."

ఆమె గరిటె ఆగింది. వాడు నాలుగడుగులు వేశాక గుండీ దగ్గర గొణిగింది. "నీలం చొక్కా. వాడే."

"ఎలా తెలుసు?"

"రోల్ తర్వాత తింటాడట."

"అయితే ఏమిటి?"

"ఇక్కడ పెరిగినవాడు ఎవడూ అలా అనడు సార్."

"ఇందాక నేనూ అలాగే అన్నానుగా."

"అవును మరి. మీరూ బయటివాళ్ళే."

సోరెల్ గడియారం చూసుకున్నాడు. టైము పన్నెండు ఇరవై ఎనిమిది. వేదిక మీద వావ్రా ముగిస్తున్నాడు. "మనవాళ్ళెవరో, కానివాళ్ళెవరో తెలుసుకోవడం తప్పు కాదు. అంతే నేను అడిగేది." చప్పట్లు. వావ్రా కిందికి దిగి కరచాలనాలు మొదలుపెట్టాడు. నీలం చొక్కా కుడిచెయ్యి చాచి నడుస్తున్నాడు. వేలికి లావుపాటి ఉంగరం. ఉంగరం లోపలివైపు సూది మెరిసింది.

సోరెల్ కుర్చీల మధ్య ఇరుక్కుపోయాడు. "ఆపండి!" అని అరిచినా చప్పట్లలో ఎవరికి వినపడింది? చేతికీ చేతికీ మధ్య నాలుగంగుళాలుంది. అప్పుడు యెసేనియా బల్ల మీంచి దూకి మరుగుతున్న చిల్లీ గిన్నెడూ ఆ చేతి మీద కుమ్మరించింది.

వాడు కూలబడ్డాడు. సోరెల్ వచ్చి మీద పడేలోపే వాడి దవడ బిగిసింది. పంటిలో దాచిన విషం. పది క్షణాల్లో పని అయిపోయింది.

షెరీఫ్ కుజేలా తలుపులు మూయించి అందరి గుర్తింపు కార్డులూ చూడడం మొదలెట్టాడు.

"అమ్మాయ్, నీది?"

"మీ పిల్లలకి ఆరేళ్ళు వడ్డించాను కుజేలా గారూ. నేనెవరో మీకు తెలీదా?"

"తెలీదన్నానా? కార్డు చూపించమంటున్నాను, అంతే."

సోరెల్ మూలకి పోయి ప్రూయెట్‌కి ఫోన్ చేశాడు. "సంతకం పెట్టండి మేడమ్. ఇప్పుడే."

"ఆ వీసా సాక్షికి. సాక్షి కోర్టుకి. కోర్టు ముద్దాయికి. ముద్దాయి ఏడీ?"

"చచ్చాడు."

"మరింకేం? కేసు లేదు."

"ఆమె మనకి పనిచేసిందని షెరీఫ్‌తోనైనా చెప్పనివ్వండి."

"ఆపరేషన్ రహస్యం, సోరెల్. నోరెత్తకు."

అతను తిరిగి వచ్చేసరికి ఆమె చేతులకి బేడీలున్నాయి. అతని ముఖం చూడగానే ఆమెకి అర్థమైపోయింది. "వాడు బతికుంటే నాకు బాగుండేది కదా సార్?" అంది. ఏడవలేదు. "పోనీలెండి. మా కూలీల వీధిలో ఇళ్ళు తగలబడకుండా మిగిలాయి."

సోరెల్‌కి ఆ క్షణంలో తన ఉద్యోగం మీద అసహ్యం వేసింది. అయినా నోరెత్తలేదు.

వావ్రా చొక్కా తుడుచుకుంటూ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పాలి. "ఆ పిల్ల నా ప్రాణం కాపాడిందయ్యా కుజేలా. ఏమీ చెయ్యలేమా?"

"మినహాయింపులు లేవని రాసింది మీరే కదండీ."

"అది ఇంకా చట్టం కాలేదుగా."

"మీరు గెలుస్తారు సార్. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నా."

ఎన్నికలకి పది రోజులుంది. విలేకరులు పిలిస్తే వావ్రా అటు వెళ్ళాడు.

గెలిచాడు, మా జిల్లాలో ఎవరూ ఎరగనంత మెజారిటీతో. యెసేనియా మీద చిన్నప్పుడు తల్లితో పాటు పడిన పాత బహిష్కరణ ఆర్డరు ఒకటి దొరికింది. అరెస్టయిన పన్నెండో రోజున విమానం ఎక్కించారు. దిగిన దేశంలో ఆమెకి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. క్రిస్మస్‌లోపు ఆ వీధి వీధంతా భయపడి ఖాళీ అయింది. ముఠా రెండో మనిషిని పంపలేదు. పంపాల్సిన అవసరం పడలేదు.

ఫిబ్రవరిలో సోరెల్‌కి పతకం ఇచ్చారు. ప్రశంసాపత్రం కింద చిన్న అక్షరాల్లో ఒక మాట: ఈ కార్యంలో సహకరించిన మహిళ పేరు, ఆమె క్షేమం దృష్ట్యా, వెల్లడించడం లేదు. క్షేమం విషయంలో మావాళ్ళు అంత జాగ్రత్తపరులు.