వెనక్కి డెబ్బై నాలుగు నిమిషాలు

విమానంలోకి పెట్టె ఎక్కించిన లోడర్‌ని ఎవరో గోదాము వెనక కాల్చేశారు. గూఢచారి శాఖ పెద్దాయన వెళ్లేసరికి అతనికి ఇంకా స్పృహ ఉంది. రెండే మాటలు చెప్పి కన్నుమూశాడు.

"కార్గోలో బాంబు. నాలుగూ నలభై ఎనిమిదికి."

ఆ కబురు సరిగ్గా మూడూ నలభైకి, సముద్రం మీద ఎగురుతున్న ఆ విమానంలో, స్టివార్డ్ వేషంలో కాఫీ అందిస్తున్న ఏజెంట్ 'గుమాస్తా' చేతి గడియారం మీద మెరిసింది. పన్నెండో వరుసలో అతను కాపలా కాస్తున్న శాస్త్రవేత్త నిద్రపోతున్నాడు. విదేశీ ముఠాకి కావలసింది ఆయన ప్రాణం. మిగతా నూట నలభై మంది ఏమైపోయినా వాళ్లకి పట్టదు.

వెంటనే రెండో మెసేజ్. ఇది 'ముత్యం' నుంచి. హెడ్డాఫీసులో విమాన మార్గాలు లెక్కగట్టే రూట్ అనలిస్ట్. చెవులకు ముత్యాలు, ఎక్కడికెళ్లినా తలలు తిప్పించే అందం. అలా తిరిగిన తలల్లో గుమాస్తాది మొదటిది.

"పద్దెనిమిది వందల కిలోమీటర్లలో ఎనిమిది వందలే వచ్చారు. వెనక్కి తిప్పించు. ఇది ఆర్డర్."

అతను కాక్‌పిట్ తలుపు దగ్గర కోడ్ వర్డ్ చెప్పి లోపలికి వెళ్లాడు. కెప్టెన్ సీట్లో ఉన్నది అతని సొంత అక్క. నాన్న ఆపరేషన్ రోజున అతను "ఆఫీసులో పని" అంటూ ఎగ్గొట్టినప్పటి నుంచి, ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆమె అతని వేషాన్ని ఎగాదిగా చూసింది.

"నీ ఆఫీసు పని ఇదన్నమాట."

"తిట్లు తర్వాత. కింద బాంబుంది. అరవై ఎనిమిది నిమిషాలే టైముంది. వెనక్కి తిప్పు."

"తిప్పను."

"సగం దూరం కూడా రాలేదక్కా! వెనక్కే దగ్గర!"

"దగ్గరే. నీకు కావలసింది దూరమా, టైమా?" అక్క గొంతులో కారం తగ్గలేదు. "వెనకనుంచి గంటకి నూట యాభై కిలోమీటర్ల గాలి తోస్తోంది. ముందుకెళ్తే అరవై మూడు నిమిషాల్లో దిగుతాం. తిరిగితే అదే గాలి ముఖాన కొడుతుంది. డెబ్బై నాలుగు పడుతుంది. ఈ మాత్రం తెలియని గాడిదెవరు నీకు ఆర్డరిచ్చింది?"

గుమాస్తాకి అప్పుడు తట్టింది. పొద్దున ఈ రూట్ మీద గాలుల చార్టు తయారు చేసిందే ముత్యం. లెక్క తెలియక కాదు, బాగా తెలిసే ఇచ్చింది ఆ ఆర్డర్. ఆ అందం చూసి మురిసిపోయినందుకు అతనికి తన మీదే అసహ్యం వేసింది.

"ముందుకే పోనీ."

"నీ పర్మిషన్ ఎవడికి కావాలి? బయటికి నడు."

అతను ముత్యానికి "తిప్పుతున్నాం" అని, పెద్దాయనకు "ముత్యం నకిలీది" అని మెసేజ్‌లు పంపాడు.

నాలుగూ నలభై మూడుకి చక్రాలు నేలను తాకాయి. జనం జారుడుబల్లల మీంచి దిగి పరుగెత్తారు. బాంబు నిపుణుడు పెట్టె విప్పి తీగ కత్తిరించేసరికి ఇంకా రెండు సెకన్లు మిగిలి ఉన్నాయి.

రన్‌వే పక్కన అక్క తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "నాన్నతో మాట్లాడు. ఈసారి ఆఫీసులో పని అన్నావంటే నేనే చంపుతా."

అంతలో గడియారం మీద పెద్దాయన మెసేజ్ మెరిసింది: "ముత్యం ఎయిర్‌పోర్టులో దొరికింది. పారిపోవడానికి ఎక్కాల్సిన విమానం ఇంకా రాలేదట. ఎదురుగాలి."